సిమ్యులేటర్ శిక్షకులకు ‘చూడటం’ ఎలా నేర్పాలి?

ఇసుకనమూనా (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. పదాతిదళంలో 28 ఏళ్లు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో, సిమ్యులేటర్ (పోరును తెర మీద అనుకరించే యంత్రం) విభాగానికి శిక్షకులను తయారుచేసే పని అప్పగించారు. వచ్చే నెల ఎనిమిది మంది కొత్తవాళ్లు వస్తున్నారు. అందరూ హవల్దార్లు, నాయబ్ సుబేదార్లే. ఆయుధం గురించి గానీ ఎత్తుగడల గురించి గానీ వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. కసరత్తు, అంటే తెర మీది ఉత్తుత్తి పోరు, నడుస్తున్నంతసేపూ చూడటం, అయిపోయాక కుర్రవాళ్ల చేత మాట్లాడించడం, నేర్పాల్సినవి ఈ రెండే. ఈ రెండే కొరుకుడు పడటం లేదు.

గత వారం జరిగింది చెబుతాను. తెర మీద నాలుగు వాహనాల బారు ఒక ఊరి పొలిమేర దాటుతోంది. రెండో సెక్షన్ నుంచి రేడియోలో మాట వచ్చింది: ‘ఎడమవైపు కల్వర్టు దగ్గర తీగ కనబడుతోంది.’ ప్లటూన్ (కొన్ని సెక్షన్లు కలిసిన చిన్న దళం) కమాండర్ కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్. అదే క్షణంలో పైనుంచి వచ్చిన ఇంకో సందేశం రాసుకుంటున్నాడు. మూడు సెకన్లు గడిచాయో లేదో, మా శిక్షకుడు మైకు నొక్కి ‘సాబ్, కల్వర్టు చూడండి’ అన్నాడు. బారు ఆగింది. మందుపాతర దొరికింది. అందరూ సంతోషించారు.

నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ మాట కమాండర్ చెవికి ఎందుకు చేరలేదు? ఆపరేటర్ గట్టిగా చెప్పలేదా, కమాండర్ వినలేదా, విని కూడా లెక్కచేయలేదా? ఇక ఎప్పటికీ తెలియదు. రేపు నిజమైన దారిలో ఆ కుర్రవాడి చెవిలో చెప్పేవారెవరూ ఉండరు.

తప్పు శిక్షకుడిది అనలేను. మా ఉస్తాదులందరం పరేడ్ మైదానంలో పెరిగినవాళ్లం. ‘బయాన్ సే నమూనా’ అంటే ఎన్‌సీసీ చేసినవాళ్లకు కూడా గుర్తుండే ఉంటుంది. చెప్పు, చేసి చూపు, చేయించు, తప్పు కనబడిన క్షణాన దిద్దు. డ్రిల్లుకు అది సరైన పద్ధతి. నిర్ణయం తీసుకోవడం నేర్పేచోట అదే పద్ధతి అడ్డుపడుతోంది. మీలో ఎవరైనా శిక్షకులకు శిక్షణ ఇచ్చి ఉంటే, మీ దగ్గర ఎలా చేశారో వివరంగా చెప్పండి.

తూర్పుగాలి

సుబేదార్ గారూ, నేను నౌకాదళంలో పనిచేసి విశాఖలో స్థిరపడ్డాను. కొంతకాలం నౌక నడపడం నేర్పే సిమ్యులేటర్ మీద ఉన్నాను. మీ బాధ నాకు బాగా తెలుసు.

మేము చేసింది ఒకటే. కొత్త శిక్షకుడికి మొదటి మూడు కసరత్తుల్లో మైకు ఇవ్వలేదు. చేతికి ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, గోడ మీద గడియారం. పుస్తకంలో మూడు నిలువు గడులు: సమయం, కనబడింది, వినబడింది. అభిప్రాయానికి గది లేదు. ‘ఆలస్యం’, ‘అజాగ్రత్త’, ‘బాగా చేశాడు’, ‘కంగారు పడ్డాడు’ లాంటి మాటలు రాస్తే కొట్టేసి మళ్లీ రాయించేవాళ్లం.

‘వాచ్ అధికారి (ఆ వేళకు ఓడ నడిపే బాధ్యత ఉన్నవాడు) కంగారు పడ్డాడు’ అని ఒకతను రాశాడు. ఏం చూసి అలా అనుకున్నావని అడిగాను. కాసేపు ఆలోచించి ఇలా తిరగరాశాడు: ‘10:42. ఎదుటి ఓడ దూరం ఎంతని అడిగాడు. 10:43. అదే ప్రశ్న మళ్లీ. 10:43. మూడోసారి అడిగి, జవాబు వినకుండానే రాడార్ వైపు తిరిగాడు.’ మొదటి వాక్యాన్ని ఆ అధికారి ముందు పెడితే గొడవకు దిగుతాడు. రెండోదాన్ని పెడితే తల వంచుకుని చదువుతాడు. ఈ తేడా వాళ్ల మనసుకు ఎక్కడానికి మూడు కసరత్తులు పడుతుంది, అంతకు ముందు ఎక్కదు.

మొజావే_ఎండ

నేను తెనాలి నుంచి అమెరికా వచ్చి ఇక్కడి సైన్యంలో కొన్నేళ్లు పనిచేశాను. పరిశీలకుడిగా కాదు, పరిశీలించబడినవాడిగా చెబుతున్నాను.

కాలిఫోర్నియాలో మొజావే ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ ఉంది. నేషనల్ ట్రైనింగ్ సెంటర్ 1980లో అక్కడే మొదలైంది. బయటినుంచి బ్రిగేడ్ అనే పెద్ద దళం మొత్తం శిక్షణకు వస్తుంది. శత్రువుగా నటించే దళం శాశ్వతంగా అక్కడే ఉంటుంది. చాలాకాలంగా ఆ పాత్ర 11వ ఆర్మర్డ్ కావల్రీ రెజిమెంట్‌ది. రైఫిలుకు లేజర్ పెట్టె, హెల్మెట్‌కు, ఒంటి మీది పట్టీలకు సెన్సర్లు. ఎదుటివాడి లేజర్ కిరణం తగిలితే కీచుమని మోగుతుంది. పాత పరికరాల్లో అయితే ఆ మోత ఆపాలంటే నీ తుపాకీలోని తాళంచెవి తీసి పట్టీలో పెట్టాలి. అంటే నీ తుపాకీ కూడా ఆగిపోతుంది. చచ్చినవాడు కాల్చలేడు కదా.

ప్రతి ప్లటూన్ వెంట ఒక పరిశీలకుడు తిరుగుతాడు. ఇప్పుడు ఆ పదవి పేరు ‘అబ్జర్వర్, కోచ్, ట్రైనర్’. ఏ స్థాయిని పరిశీలిస్తాడో ఆ బాధ్యత తాను ముందే నిర్వహించి ఉండాలన్నది అక్కడి నియమం. కంపెనీని చూసేవాడు కంపెనీని నడిపినవాడై ఉండాలి. ఆపైన ప్రత్యేక శిక్షణ, తర్వాత అనుభవజ్ఞుడి వెంట తిరగడం. అవి అయ్యాకే ఒంటరిగా పంపుతారు.

మా పరిశీలకుడు రెండు రాత్రులు మాతో నడిచాడు. పెద్దగా మాట్లాడలేదు. రెండో రాత్రి మా ప్లటూన్‌లోని మూడో స్క్వాడ్ (చిన్న జట్టు) రేడియో బ్యాటరీ అయిపోయింది. అతను చూశాడు, ఏమీ అనలేదు. తెల్లవారాక మమ్మల్ని ఒక వాహనం చుట్టూ నిలబెట్టి, బానెట్ మీద పటం పరిచి, ‘రాత్రి రెండు గంటలకు మూడో స్క్వాడ్ ఎక్కడుంది? ఒక్కొక్కరూ వేలు పెట్టి చూపండి’ అన్నాడు. నాలుగు వేళ్లు నాలుగు చోట్ల పడ్డాయి. ఎవరూ నోరెత్తలేదు. ఆ పటం మీది నాలుగు వేళ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

ఆ సమీక్షకు ‘ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ’ అని పేరు. 1993లో దీని మీద సైన్యం ఒక చిన్న పుస్తకమే వేసింది. ఏం జరగాలనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మార్చాలి: ప్రశ్నలు ఇంతే. సమయంలో సగం చివరి ప్రశ్నకే ఉంచాలని చెబుతారు. కొత్త శిక్షకుడు రెండో ప్రశ్న దగ్గరే గంటసేపు ఉపన్యాసం ఇచ్చేస్తాడు, అదే చిక్కు.

కొండదారి

మీరందరూ చెప్పేది వినడానికి బాగుంది. నేను ఒప్పుకోను.

ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువకాలం పనిచేశాను. మనిషి తప్పును పదిసార్లు చేస్తే అది చేతికి పట్టేస్తుంది. తుపాకీ గొట్టం పక్కవాడి వైపు తిరిగినా, తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డా, ‘చూద్దాం, తర్వాత అడుగుదాం’ అని ఊరుకుంటే ఆ అలవాటును మనమే నాటినట్టు. సిమ్యులేటర్‌లో ప్రాణభయం ఉండదు. బహిరంగ మైదానంలో పరుగు తీస్తారు, ఎందుకంటే చచ్చినా మధ్యాహ్నం భోజనానికి లేస్తారని తెలుసు. దాన్ని అప్పటికప్పుడు ఆపాల్సిందే.

ఇంకో మాట. మన దగ్గర శిక్షకుడు హవల్దార్, ఎదుట ఉన్నవాడు హోదాలో అతనికి పై అధికారి అయిన లెఫ్టినెంట్. కసరత్తు తర్వాత పదిమంది జవాన్ల ఎదుట హవల్దార్ ఆయన్ను ‘ఎందుకు ఇలా చేశారు’ అని అడగగలడా? ఇది మొజావే కాదు.

ఇసుకనమూనా

కొండదారి సాబ్, మీరు అడిగిన రెండూ నన్ను రాత్రంతా ఆలోచింపజేశాయి.

మొదటిదానికి నా జవాబు: చేతి తప్పు వేరు, తల తప్పు వేరు. గొట్టం ఎటు తిరిగింది, సేఫ్టీ ఎప్పుడు తీశాడు, ఇవి చేతి తప్పులు. ఫైరింగ్ సిమ్యులేటర్ దగ్గర వాటిని ఆ క్షణమే ఆపి దిద్దాలి, అందులో మీతో నాకు పేచీ లేదు. ఏ దారిన వెళ్లాలి, ఎవరి మాట నమ్మాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఇవి తలకు సంబంధించినవి. వీటిని ఆపితే మనిషి నేర్చుకోడు, శిక్షకుడి ముఖం వైపు చూడటం అలవాటు చేసుకుంటాడు. మా కుర్రవాళ్లు కొందరు ఇప్పటికే నిర్ణయం చెప్పే ముందు గాజు అద్దం వెనక మా వైపు ఒకసారి చూస్తున్నారు. శత్రువు కంటే మమ్మల్నే ఎక్కువ గమనిస్తున్నారు.

రెండోదానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఎవరైనా చెప్పగలరా?

తూర్పుగాలి

కసరత్తు దారి తప్పి, ఇక ఎవరూ ఏమీ నేర్చుకోని పరిస్థితి వస్తే కదిలించాలి. కానీ శిక్షకుడి గొంతుతో కాదు, కసరత్తులోని మనుషుల గొంతుతో. తీరంలోని కంట్రోలు నుంచి ఒక ప్రశ్న రావచ్చు, పక్క ఓడ హారన్ కొట్టవచ్చు. మీ దగ్గర అయితే ఊరి పెద్ద ఎదురొచ్చి ‘అటు వెళ్లకండి బాబూ’ అనవచ్చు. అధికారి దాన్ని విన్నాడో లేదో, అదీ పుస్తకంలోకి ఎక్కుతుంది.

హోదా సంగతి: సమీక్షలో మొదటి మాట ఎప్పుడూ కమాండర్ చేతే మాట్లాడించండి. ‘సాబ్, మీ పథకం ఏమిటో, అందులో ఏది మారిందో మీరే చెప్పండి’ అంటే అది ప్రశ్నించడం కాదు, వేదిక ఇవ్వడం. తన తప్పును తానే ముందు చెప్పుకున్న అధికారి ఎదుట జవాన్లకు నోరు పెగులుతుంది. దీనికి కసరత్తుకు ముందే అధికారితో విడిగా పది నిమిషాలు కూర్చోవాలి. ఆ పది నిమిషాలు ఎలా మాట్లాడాలో కూడా శిక్షకుడికి నేర్పాలి. మేము దాన్ని ఒకరు అధికారిగా, ఒకరు శిక్షకుడిగా నటించి సాధన చేయించేవాళ్లం.

పాతపుటలు

ఈ సమస్య కొత్తది కాదు. 1824లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను మెరుగుపరిచి సైన్యానికి చూపించాడు. పేరు క్రీగ్‌స్పీల్. 1:8000 పటం, ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల యుద్ధకాలం. ఇరుపక్షాలూ ఆదేశాలు కాగితం మీద రాసి అంపైర్‌కు ఇవ్వాలి. మొత్తం పరిస్థితి తెలిసేది అంపైర్‌కే. ఎవరి దళానికి ఎంత కనబడే అవకాశం ఉందో అంతే వాళ్లకు చెప్పాలి. నష్టాలను పాచికలు, పట్టికలు తేల్చేవి. పట్టికలు చూసుకునేసరికే పొద్దుపోతోందని చాలామంది విసుక్కున్నారు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే ప్రష్యా సైన్యాధికారి పట్టికలు పక్కన పెట్టేసి, అనుభవం ఉన్న అంపైర్ తీర్పు చాలన్నాడు. అప్పటినుంచి ఆట నాణ్యత అంతా ఆ ఒక్క మనిషి మీద పడింది. అంటే శిక్షకుడికి శిక్షణ అవసరమైన రోజు అదే.

ఆ ఒక్క మనిషి చెయ్యి జారితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1942 మే నెలలో జపాన్ నౌకాదళం పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి మీద దాడికి ముందు యమాతో యుద్ధనౌకలో కసరత్తు ఆడింది. ఆ దాడికి వెళ్లిన దళంలో ఉన్న అధికారి ఫుచిదా తర్వాత రాసిన కథనం ప్రకారం, జపాన్ విమానవాహక నౌకలకు అమెరికా విమానాల బాంబులు తొమ్మిది తగిలాయని పాచికలు తేల్చాయి. అంపైర్‌గా ఉన్న రియర్ అడ్మిరల్ ఉగాకి వాటిని మూడుకు తగ్గించాడు. మునిగిందని లెక్కకొచ్చిన ‘కాగా’ అనే విమానవాహక నౌకను తర్వాతి కసరత్తుకు మళ్లీ తేల్చారు. జూన్‌లో నిజమైన యుద్ధంలో అకాగి, కాగా, సోర్యు, హిర్యు అనే నాలుగు విమానవాహక నౌకలూ మునిగాయి.

మొజావే_ఎండ

పాతపుటలు గారూ, మీరు ఉగాకి గురించి రాశాక ఒక సంగతి గుర్తొచ్చింది. అక్కడి పరిశీలకుల చేతిలో చిన్న లేజర్ పరికరం ఒకటి ఉండేది. దాన్ని గురిపెడితే ఎవరినైనా ‘చంపవచ్చు’, చచ్చినవాణ్ని లేపనూ వచ్చు. సైనికులు దానికి పెట్టుకున్న పేరు ‘దేవుడి తుపాకీ’. నియమాలు తప్పినవాణ్ని ఆపడానికి, పరికరం పనిచేయనప్పుడు తీర్పు ఇవ్వడానికి అది అవసరమే. పాఠం తాను అనుకున్న దారిలో నడవడానికి వాడితే మాత్రం దళానికి వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత అతను ఏం చెప్పినా ఎవరూ వినరు. మీ కన్సోల్‌లో (శిక్షకుడి ముందుండే నియంత్రణ బల్ల) కూడా ఇలాంటి బటన్లు ఉండే ఉంటాయి, సుబేదార్ గారూ.

పాతపుటలు

2002 జులై, ఆగస్టుల్లో అమెరికా ‘మిలీనియం ఛాలెంజ్’ అనే భారీ కసరత్తు నిర్వహించింది. ఖర్చు 25 కోట్ల డాలర్లు. శత్రువుగా నటించే ఎర్ర దళానికి పదవీ విరమణ చేసిన మెరైన్ లెఫ్టినెంట్ జనరల్ పాల్ వాన్ రైపర్ నాయకుడు. రేడియో వాడితే వింటారని మోటార్ సైకిళ్ల మీద సందేశాలు పంపాడు. ఒక్కసారిగా క్షిపణులు వదిలి, చిన్న పడవలతో మీదపడి, అమెరికా పక్షమైన నీలి దళానికి చెందిన 16 నౌకలను కంప్యూటర్ లెక్కల్లో ముంచేశాడు. నిర్వాహకులు వాటిని తిరిగి తేల్చి కసరత్తు కొనసాగించారు. ఎర్ర దళం చేతులు కట్టేశారని ఆయన తప్పుకున్నాడు.

నౌకలు తేల్చడాన్ని నేను తప్పుపట్టను. వేలమంది మిగతా రోజులు ఖాళీగా కూర్చోలేరు. కానీ తేల్చే ముందు, ‘ఇవి మునిగాయి, ఎందుకు మునిగాయో రేపు కూర్చుని మాట్లాడదాం’ అని అందరి ఎదుటా నమోదు చేయాలి. శిక్షకులకు నేర్పాల్సిన నిజాయతీ ఇది.

రీప్లేబటన్

నేను హైదరాబాద్‌లో సిమ్యులేటర్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. కసరత్తును తిరిగి చూపే భాగం నా పని. ప్రతి తూటా, ప్రతి అడుగు, ప్రతి రేడియో మాట దాస్తాం. అయినా ఒక శిక్షణ కేంద్రంలో వెనక కూర్చుని గమనించినప్పుడు బాధ కలిగింది. శిక్షకుడు గంట కసరత్తును మొదటినుంచి చివరిదాకా తెర మీద నడిపించాడు. ఇరవై నిమిషాలకే కుర్రవాళ్లు ఆవలిస్తున్నారు. తెర మాట్లాడుతుంటే శిక్షకుడూ ప్రేక్షకుడైపోయాడు.

మా పరికరంలో గుర్తు పెట్టే మీట ఉంది. కసరత్తు నడుస్తున్నప్పుడు నొక్కితే ఆ క్షణం మీద జెండా పడుతుంది. కొందరు అరవై జెండాలు పాతుతారు. మూడింటికి మించి వద్దని నేర్పగలిగితే ఎంత బాగుంటుందో. ఇంకో విన్నపం: తెరలోని యుద్ధాన్నే కాదు, గదిలోని మనుషులను కూడా ఒక కెమెరాతో రికార్డు చేయించండి. సుబేదార్ గారి కల్వర్టు కథలో జవాబు ఉండేది గదిలోనే.

ప్రశ్నార్థకం

డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. సైన్యం గురించి నాకు తెలియదు, కానీ ఇక్కడ ఎవరూ తాకని విషయం ఒకటుంది.

1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 1814లో బ్రిటిష్ సేనలకు, గూర్ఖాలకు మధ్య జరిగిన పోరు గురించి కొందరికి చదవడానికి ఇచ్చాడు. ఒక్కో గుంపుకు ఒక్కో ముగింపు చెప్పాడు. ఏ ముగింపు విన్నవారికి అదే ముందునుంచీ ఎక్కువ సంభావ్యమని తోచింది. ఫలితం తెలిశాక, అది తెలియని స్థితిని మనసు తిరిగి ఊహించుకోలేదు.

మీ శిక్షకుడి కన్సోల్‌లో శత్రువు ఎక్కడ దాక్కున్నాడో కనబడుతూనే ఉంటుంది కదా? ఆయనకు ఆ కల్వర్టు ఎర్రగా వెలుగుతోంది. లెఫ్టినెంట్‌కు అది నలభై కల్వర్టుల్లో ఒకటి. ‘ఇంత తేలికైనది చూడలేదేమిటి’ అనే చిరాకు అక్కడే పుడుతుంది. అందుకే ఆయన మూడు సెకన్లు ఆగలేకపోయారని నా అనుమానం. కొత్త శిక్షకులను మొదట శత్రువు కనబడని కుర్చీలో కూర్చోబెట్టి ఓడిపోనివ్వండి.

కొండదారి

ఈ చివరి మాట నాకు నచ్చింది. దీన్ని ఒప్పుకుంటాను.

ఇసుకనమూనా (ఆరు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. మొదటి బ్యాచ్ పూర్తయింది, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మొదటి రోజు ఎనిమిది మందినీ కమాండర్ కుర్చీలో కూర్చోబెట్టాం. శత్రువును నడిపింది నేను. ఎనిమిది మందిలో ఆరుగురు మందుపాతర మీదికి వెళ్లారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న ఒక హవల్దార్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, ‘అటునుంచి చూస్తే ఇంత స్పష్టంగా ఉంటుంది, ఇక్కడ ఏమీ లేదు సాబ్’ అన్నాడు. ప్రశ్నార్థకం గారూ, ఆ మాట మీకు చెందుతుంది.

తర్వాత మూడు కసరత్తులు మైకు లేకుండా, నోటుపుస్తకంతో. ‘అజాగ్రత్త’ అనే మాటను ఎన్నిసార్లు కొట్టేశానో లెక్కలేదు. మూడే జెండాలు అన్న నియమం పెట్టాం. గదిలో ఒక మూల కెమెరా పెట్టించాను.

చివరి వారం అదే కల్వర్టు కసరత్తు, వేరే ప్లటూన్, వేరే లెఫ్టినెంట్. ఆ హవల్దారే శిక్షకుడు. మళ్లీ రేడియోలో తీగ కనబడుతోందన్న మాట వచ్చింది, మళ్లీ కమాండర్ పట్టించుకోలేదు. హవల్దార్ మైకు మీది వేలు వెనక్కి తీసుకుని, పెన్సిలుతో సమయం రాసి, జెండా మీట నొక్కాడు. రెండో వాహనం పేలింది.

సమీక్షలో కమాండర్ తన పథకం చెప్పారు. మందుపాతర గురించి తనకు సమాచారం రాలేదన్నారు. హవల్దార్ ఆయనతో వాదించలేదు. అందరి వైపూ చూసి, ‘09:17కు ఈ గదిలో ఎవరెవరు ఏమేం విన్నారు?’ అని అడిగి ఊరుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పక్కన నాకే ఏదో ఒకటి అనాలని నోటిదాకా వచ్చింది. అతను మాత్రం కదల్లేదు. చివరికి అందరికంటే చిన్నవాడైన రేడియో ఆపరేటర్ లేచి, ‘సాబ్, నేను చెప్పాను. మీరు చెయ్యెత్తి ఆగమన్నారు’ అన్నాడు. తనకు గుర్తులేదన్నారు లెఫ్టినెంట్. హవల్దార్ గది కెమెరా నుంచి పన్నెండు సెకన్ల ముక్క వేశాడు. ఎడమచేత్తో రాసుకుంటూనే కుడిచెయ్యి పైకెత్తడం స్పష్టంగా ఉంది. ఆయన ఎడమచేతివాటం మనిషి.

లెఫ్టినెంట్ ఆ ముక్కను ఇంకోసారి వేయమన్నారు. చూసి, ఆపరేటర్ వైపు తిరిగి, ‘ఈసారి నేను చెయ్యెత్తినా ఆగకు, భుజం తట్టు’ అన్నారు. మధ్యాహ్నం మళ్లీ నడిపినప్పుడు ఆ కుర్రవాడు రెండుసార్లు తట్టాడు. ఒకసారి అనవసరంగానే.

ఎనిమిది మందిలో ఇద్దరు ఇంకా మైకు వదల్లేకపోతున్నారు. వాళ్లిద్దరినీ ఫైరింగ్ సిమ్యులేటర్‌కు మార్చాను. అక్కడ వాళ్ల తొందర పనికొస్తోంది, కొండదారి సాబ్ చెప్పినట్టే. తూర్పుగాలి గారూ, కసరత్తుకు ముందు అధికారితో మాట్లాడే ఆ పది నిమిషాల సాధన మీరు ఎలా చేయించేవారో కొంచెం వివరంగా రాయండి. రెండో బ్యాచ్ సోమవారం వస్తోంది.